'ఐ వర్క్‌డ్' అన్నందుకు 'ఎప్పుడు మానేశారు?' అని అడిగారు: పాస్ట్ సింపులా, ప్రెజెంట్ పర్ఫెక్టా?

పర్లాకిమిడి_సిస్టర్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఐసీయూ నర్సుగా చేస్తున్నాను. బయటి దేశం వెళ్లాలని ఓఈటీకి, అంటే నర్సులు, డాక్టర్ల లాంటివాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షకు చదువుకుంటున్నాను.

పోయిన వారం ఒక ఏజెన్సీవాళ్లు ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. అనుభవం గురించి అడిగితే 'ఐ వర్క్‌డ్ ఇన్ ఐసీయూ ఫర్ ఫోర్ ఇయర్స్' అన్నాను. అవతలావిడ వెంటనే 'ఎప్పుడు మానేశారు? ఎందుకు మానేశారు?' అని అడిగింది. నేనెక్కడ మానేశాను? ఆ రోజు కూడా నాకు నైట్ డ్యూటీ ఉంది. మానలేదు మేడమ్ అని చెప్పాక కూడా తేదీలు మళ్లీ మళ్లీ అడిగింది. అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు అయింది నా పరిస్థితి. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చేసింది.

మనకు 'చేశాను' అంటే ఒకటే మాట కదా. ఇంగ్లీషులో 'ఐ డిడ్' (పాస్ట్ సింపుల్), 'ఐ హ్యావ్ డన్' (ప్రెజెంట్ పర్ఫెక్ట్) అని రెండు ఎందుకు, ఏది ఎప్పుడు వాడాలి? ఫార్ములా చెప్పొద్దు దయచేసి. హ్యావ్ తర్వాత వీ త్రీ (క్రియ మూడో రూపం) అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నోరు తెరిచి మాట్లాడాల్సి వచ్చినప్పుడే ఏది రావాలో తెలియట్లేదు.

గుణుపురం_తమ్ముడు | ఆదివారం రాత్రి 10:05

అక్కా, బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టే ప్రశ్నల్లో ఇది తప్పకుండా వస్తుంది. మా కోచింగ్ సార్ చెప్పిన దారి ఇది. వాక్యంలో యెస్టర్‌డే, లాస్ట్ ఇయర్, అగో, ఇన్ 2015 లాంటివి ఉంటే పాస్ట్ సింపుల్. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్, నెవర్, సిన్స్, సో ఫార్ ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్. పదం చూడు, టెన్స్ పెట్టు, అంతే. నాకైతే మార్కులు వస్తున్నాయి.

పర్లాకిమిడి_సిస్టర్ | ఆదివారం రాత్రి 10:12

తమ్ముడూ, ఆ లిస్టు నా నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉంది. నేను ఇంటర్వ్యూలో అన్న వాక్యంలో 'ఫర్ ఫోర్ ఇయర్స్' ఉంది. దానికి ఏది పెట్టాలి? రెండూ సరిపోతున్నాయి కదా. అక్కడే పడిపోయాను.

బరంపురం_మాస్టారు | సోమవారం ఉదయం 6:30

అమ్మా, నేను ముప్పై ఏళ్ల పైచిలుకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. మీరు పడిపోయిన చోట మంచి మంచి స్టూడెంట్లు కూడా పడిపోతారు, దానికి ఏడవక్కర్లేదు.

తమ్ముడు చెప్పిన లిస్టు తప్పు కాదు. అది పరీక్ష పేపరుకు సరిపోతుంది, ఎందుకంటే పేపరు తయారు చేసినవాళ్లు ఆ పదాన్ని వాక్యంలో పెట్టి ఇస్తారు. మనం మాట్లాడేటప్పుడు ఆ పదం ఎవరూ పెట్టి ఇవ్వరు. అందుకని నేను పిల్లలకు తెలుగులోనే రెండు ప్రశ్నలు నేర్పేవాణ్ణి.

మీ వాక్యం 'ఎప్పుడు?' అనే ప్రశ్నకు చెందినదైతే పాస్ట్ సింపుల్. 'ఇప్పుడేంటి?' అనే ప్రశ్నకు చెందినదైతే ప్రెజెంట్ పర్ఫెక్ట్.

ఇంటి తాళం చెవి పోయింది, గుమ్మం ముందు నిలబడ్డారు. పక్కింటావిడ ఏమైందని అడిగింది. 'ఐ హ్యావ్ లాస్ట్ మై కీ' అంటారు. ఎప్పుడు పోయిందన్నది ఇక్కడ విషయం కాదు, ఇప్పుడు లోపలికి వెళ్లలేకపోతున్నారన్నదే విషయం. అదే ఆ కథ వచ్చే నెలలో చెప్తుంటే 'ఐ లాస్ట్ మై కీ దట్ డే' అంటారు. అప్పటికి కొత్త చెవి చేయించుకునే ఉంటారు.

ఇక మీ నాలుగేళ్లు. 'ఐ వర్క్‌డ్ ఫర్ ఫోర్ ఇయర్స్' అంటే ఆ నాలుగేళ్లూ వెనకెక్కడో మొదలై వెనకెక్కడో అయిపోయాయి. అందుకే ఆవిడ ఎప్పుడు మానేశారని అడిగింది. ఆవిడకు అలాగే వినిపించింది, తప్పు పట్టలేం. 'ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ ఐసీయూ ఫర్ ఫోర్ ఇయర్స్' అని ఉంటే ఆ నాలుగేళ్లు ఈ రోజు దాకా వచ్చి ఆగేవి. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్' అన్నా ఇక్కడ బాగుంటుంది, ఇంకా సాగుతోందని మరింత తేటగా తెలుస్తుంది.

జయపురం_అమ్మ | సోమవారం ఉదయం 11:20

మాస్టారూ, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. కోరాపుట్ జిల్లాలో పుట్టాడు కాబట్టి వాడికి తెలుగు కన్నా ఒడియానే బాగా వచ్చు. నిన్న రాత్రి వాడికి ఈ చర్చ చదివి వినిపించాను. వాడేమన్నాడంటే, 'అమ్మా, ఒడియాలో రెండూ ఉన్నాయి కదా. మూ ఖాఇలి అంటే తిన్నాను. మూ ఖాఇఛి అంటే తిని ఉన్నాను. ఎవరైనా అన్నం పెడతానంటే ఖాఇఛి అంటాం' అన్నాడు. నాకు భలే అనిపించింది. ఇన్నేళ్లుగా రోజూ ఆ రెండు మాటలూ అంటూనే ఉన్నాను, అది ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని ఎప్పుడూ తోచలేదు. ఇది సరైనదేనా?

బరంపురం_మాస్టారు | సోమవారం మధ్యాహ్నం 12:45

అమ్మా, మీ అబ్బాయి నోట్లో బంగారం పొయ్యాలి. ఈ సరిహద్దులో ఉన్న మనకు ఇదొక వరం. తెలుగులో 'తిన్నాను' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. 'తిని ఉన్నాను' అని అనొచ్చు గానీ ఇంట్లో ఎవరూ అలా అనరు. ఒడియాలో మాత్రం ఖాఇలి, ఖాఇఛి అని రెండూ రోజువారీ మాటలే. ఒడియా వచ్చిన తెలుగు పిల్లవాడికి ఆ తేడా ముందే చెవిలో పడి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషు దాకా నడిపించడమే మన పని.

అయితే ఒక చోట ఒడియా పక్కదారి పట్టిస్తుంది. 'నిన్న వెళ్లాను' అనడానికి ఒడియాలో 'మూ కాలి జాఇథిలి' అంటాం. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి తెస్తే 'ఐ హ్యాడ్ గాన్ యెస్టర్‌డే' అవుతుంది. ఇది బరంపురం ఆఫీసుల్లో, బ్యాంకుల్లో నేను రోజూ వింటాను. 'ఐ వెంట్ యెస్టర్‌డే' చాలు. హ్యాడ్ గాన్ అనాలంటే దాని తర్వాత జరిగిన ఇంకో పని కథలో ఉండాలి. 'నేను స్టేషన్‌కి చేరేసరికి రైలు వెళ్లిపోయింది' అన్నప్పుడు, ఆ రైలుకి హ్యాడ్ లెఫ్ట్.

ఇంకోటి. 'పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను' అన్నప్పుడు తెలుగూ సాయం చెయ్యదు, ఒడియా 'దశ బర్ష హేలా రహుఛి' కూడా సాయం చెయ్యదు. రెండింట్లోనూ ఉన్నది వర్తమానమే. అందుకే మనవాళ్లంతా 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అంటారు. కావాల్సింది 'ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్'. మన 'నుంచి' ఒక్కటే 'పదేళ్ల నుంచి' అనడానికీ, '2016 నుంచి' అనడానికీ పనికొస్తుంది. ఇంగ్లీషులో పదేళ్లకు ఫర్, 2016కు సిన్స్.

సిరొంచ_గోదారి | సోమవారం సాయంత్రం 5:10

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత మా ఊరి దగ్గరే గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మీరు చెప్పినదంతా మరాఠీకీ సరిపోతోంది. 'మీ జేవలో' అంటే తిన్నాను, 'మీ జేవలో ఆహే' అంటే హ్యావ్ ఈటెన్. నిన్నటి సంగతి చెప్పేటప్పుడు 'మీ కాల్ గేలో హోతో' అంటాం, అదే హ్యాడ్ గాన్ రోగం. మా ఊళ్లో సెలవు చీటీలన్నీ 'ఐ హ్యాడ్ గాన్ టు మై విలేజ్ యెస్టర్‌డే' అనే ఉంటాయి. ఆ హ్యాడ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇవాళ తెలిసింది.

గుణుపురం_తమ్ముడు | సోమవారం రాత్రి 8:30

మాస్టారూ, మీ రెండు ప్రశ్నలు బాగున్నాయి. కానీ నాకొక అనుమానం. 'ఐ హ్యావ్ సీన్ ద రథయాత్ర ఇన్ పూరీ' అంటాం కదా. నేను చూసింది చిన్నప్పుడు, నాన్న భుజాల మీద. అదెప్పుడో అయిపోయింది. ఇక్కడ 'ఇప్పుడేంటి' ఏముంది?

ఇంకో సంగతి. నౌపడ నుంచి గుణుపురం రైలు వచ్చినప్పుడు మనం 'వచ్చేసింది' అంటాం. తినేశాను, అయిపోయింది, వెళ్లిపోయాడు. ఈ 'ఏశాను', 'పోయింది' ఉన్నవన్నీ ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనుకోవచ్చా? అలాగైతే తెలుగులో కూడా ఉన్నట్టే కదా.

బరంపురం_మాస్టారు | సోమవారం రాత్రి 9:50

మొదటిది. రథయాత్ర చూసిన సంగతి ఇప్పుడు నీ దగ్గర ఉంది. 'చూశావా?' అని ఎవరైనా అడిగితే నీ జీవితం మొత్తంలో, పుట్టినప్పటి నుంచి ఈ నిమిషం దాకా, అలాంటిది ఉందా లేదా అని అడుగుతున్నారు. ఆ జీవితం ఇంకా నడుస్తోంది కాబట్టి హ్యావ్ సీన్. అయితే 'నాన్న భుజాల మీద కూర్చుని చూశాను' అన్నావు చూడు, అక్కడికి ఒక రోజు, ఒక చోటు, ఒక మనిషి వచ్చేశారు. ఇక అక్కణ్ణుంచి 'ఐ సా ఇట్ ఫ్రమ్ మై ఫాదర్స్ షోల్డర్స్'. ఇంగ్లీషులో మాటలు చాలాసార్లు ఇలాగే సాగుతాయి. కబురు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో మొదలవుతుంది, వివరాలకు రాగానే పాస్ట్ సింపుల్‌లోకి దిగుతుంది. 'హ్యావ్ యూ ఎవర్ బీన్ టు పూరీ?' 'యెస్, ఐ హ్యావ్.' 'వెన్ డిడ్ యూ గో?' మూడో వాక్యంలో 'వెన్ హ్యావ్ యూ గాన్' అని మనవాళ్లు అంటుంటారు, అది పనికిరాదు. వెన్ అని అడిగాక హ్యావ్‌కి చోటు లేదు.

మన జిల్లాల తుఫాన్లే తీసుకో. 'వి హ్యావ్ సీన్ టెరిబుల్ సైక్లోన్స్' అంటే ఈ తీరంలో బతికే మన అనుభవం, అది ఇంకా ముగియలేదు. 'ఫైలిన్ కేమ్ ఇన్ 2013, తిత్లీ కేమ్ ఇన్ 2018' అంటే వాటి తేదీలు వాటికున్నాయి.

రెండోది. నీ 'వచ్చేసింది' దగ్గర నువ్వు చాలా దూరం ఆలోచించావు, సంతోషం. ప్లాట్‌ఫారం మీద 'రైలు వచ్చేసింది' అంటే నిజంగానే 'ద ట్రెయిన్ హ్యాజ్ కమ్'. కానీ 'నిన్నే వచ్చేశాడు' అని కూడా అంటాం. నిన్న అన్నాక ఇంగ్లీషులో 'హి కేమ్ యెస్టర్‌డే' తప్ప ఇంకోటి కుదరదు. 'ఏశాడు'కి అర్థం పని పూర్తయిందని, అంతే. కాలం సంగతి అది చెప్పదు. దాన్ని నమ్ముకుంటే సగంసార్లు దెబ్బతింటావు.

తెలుగు కచ్చితంగా దారి చూపించే చోటు వేరే ఉంది. 'వైజాగ్ వెళ్లాడు', 'వైజాగ్ వెళ్లొచ్చాడు'. మొదటిది, మనిషి ఇంట్లో లేడు అనే అర్థంలో, 'హ్యాజ్ గాన్ టు వైజాగ్'. రెండోది 'హ్యాజ్ బీన్ టు వైజాగ్', వెళ్లాడు, తిరిగి కూడా వచ్చాడు. గాన్, బీన్ తేడా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లను చాలా తిప్పలు పెడుతుంది. తెలుగువాడికి అక్కర్లేదు, 'వెళ్లొచ్చాడు' అనే మాట మన నోట్లోనే ఉంది.

రాయగడ_టు_బెంగళూరు | సోమవారం రాత్రి 11:15

మాది రాయగడ. ఇప్పుడు బెంగళూరులో అమెరికా క్లయింట్లతో పని. మాస్టారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట చేరుస్తాను. 'ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్', 'హ్యావ్ యూ ఫినిష్డ్ యెట్?' ఇవి బ్రిటిష్ పద్ధతి. మా అమెరికా టీమువాళ్లు 'ఐ జస్ట్ ఏట్', 'డిడ్ యూ ఫినిష్ యెట్?' అని మామూలుగా అనేస్తారు. జస్ట్, ఆల్రెడీ, యెట్ దగ్గర మాత్రం వాళ్లకు రెండూ చెల్లుతాయి. కాబట్టి తమ్ముడి లిస్టు పట్టుకుని వాళ్ల మెయిల్లో తప్పులు వెతకొద్దు. మొదట్లో నేను అదే చేసి మా లీడ్ మెయిల్ దిద్దాను. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే వాళ్లు కూడా 'ఐ హ్యావ్ ఫినిష్డ్ ఇట్ యెస్టర్‌డే' అని మాత్రం అనరు.

పర్లాకిమిడి_సిస్టర్ | మంగళవారం ఉదయం 7:50

నైట్ డ్యూటీ అయిపోయి ఇప్పుడే గదికి వచ్చాను. రాత్రంతా నా బుర్రలో ఇదే తిరిగింది. హ్యాండోవర్ రిజిస్టర్ తీసి చూస్తే నా తప్పులు నాకే కనిపించాయి.

పదకొండో బెడ్ పేషెంట్ గురించి పోయిన వారం ఇలా రాశాను: 'పేషెంట్ స్మోక్‌డ్ ఫర్ ట్వంటీ ఇయర్స్'. ఆయన ఇప్పటికీ తాగుతాడు, అడ్మిట్ అయ్యే రోజు కూడా జేబులో బీడీకట్ట ఉంది, నేనే తీసి వాళ్లావిడకు ఇచ్చాను. నేను రాసినది చదివిన డాక్టరు మానేశాడనుకుంటాడు కదా! 'హ్యాజ్ స్మోక్‌డ్ ఫర్ ట్వంటీ ఇయర్స్' అని రాయాలి. ఇది గ్రామర్ తప్పు అనుకుని వదిలేసేది కాదు, ట్రీట్‌మెంట్‌కి సంబంధించిన తప్పు.

ఇంకోటి. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి 'పేషెంట్ డిడ్ నాట్ పాస్ యూరిన్' అన్నాను. ఆయన 'ఎప్పుడు సిస్టర్?' అన్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఇప్పటిదాకా అని తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అప్పుడు వెలిగింది, ఆయన అడిగిన 'ఎప్పుడు' మాస్టారు చెప్పిన 'ఎప్పుడు'నే. నేను చెప్పాలనుకున్నది 'ఇప్పుడేంటి'. 'హ్యాజ్ నాట్ పాస్డ్ యూరిన్ సిన్స్ ఫోర్ పీఎమ్' అని ఉంటే ఒక్క వాక్యంలో అయిపోయేది.

ఒక అనుమానం. పొద్దున్న రౌండ్లో 'డిడ్ యూ టేక్ యువర్ టాబ్లెట్ దిస్ మార్నింగ్?' అని అడుగుతాను. తప్పా?

బరంపురం_మాస్టారు | మంగళవారం ఉదయం 9:30

అమ్మా, మీరు ఆ బీడీకట్ట సంగతి రాశారు చూడండి, నేను ఇన్నేళ్లలో క్లాసులో ఇచ్చిన ఉదాహరణలన్నిటికన్నా అదే బాగుంది.

దిస్ మార్నింగ్ దగ్గర గడియారం చూసుకోవాలి. పొద్దున్న పదింటికి అడిగితే ఆ పొద్దు ఇంకా నడుస్తోంది కాబట్టి 'హ్యావ్ యూ టేకెన్ యువర్ టాబ్లెట్ దిస్ మార్నింగ్?' బాగుంటుంది. సాయంత్రం డ్యూటీలో అడిగితే పొద్దున్న అయిపోయింది, 'డిడ్ యూ టేక్' అనాలి. అదే దిస్ మార్నింగ్, టెన్స్ మారింది. అందుకే పదాన్ని చూసి టెన్స్ పెట్టడం నాకు మొదటి నుంచీ నచ్చదు. తమ్ముడూ, నీ మీద కోపంతో అనడం లేదు.

మన చరిత్రతో ఇంకో రెండు రాసుకోండి, మర్చిపోరు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరింది, అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాలో ఉండేది. 'పర్లాకిమిడి బికేమ్ పార్ట్ ఆఫ్ ఒడిశా ఇన్ 1936.' 'ఇట్ హ్యాజ్ బీన్ ఇన్ ఒడిశా సిన్స్ 1936.' సంవత్సరం ఒకటే. ఇన్ 1936 అంటే చేరిన క్షణం, సిన్స్ 1936 అంటే అప్పటి నుంచి ఇవాళ్టి దాకా. అలాగే గజపతి జిల్లా 1992లో ఏర్పడింది, 'వజ్ ఫార్మ్‌డ్ ఇన్ 1992', 'హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 1992'.

జయపురం_అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 1:05

మా అబ్బాయి ప్రశ్న మాస్టారూ. వాడికి బడిలో వి.వి. గిరి గారి గురించి పది వాక్యాలు రాయమన్నారు. 'గిరి హ్యాజ్ బార్న్ ఇన్ బెర్హంపూర్' అని రాశాడు. టీచరు కొట్టేసి పైన వజ్ అని పెట్టారు, ఎందుకో చెప్పలేదు. బరంపురంలోనే పుట్టారు కదా అని వాడు అలిగి కూర్చున్నాడు.

బరంపురం_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 2:20

వాణ్ణి అలగొద్దని చెప్పండి, ఊరు సరిగ్గానే రాశాడు. గిరి గారు 1894లో మా బరంపురంలోనే పుట్టారు, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు, 1980లో పోయారు. పుట్టుక ఒక్కసారి జరిగి అయిపోయేది, కాబట్టి 'వజ్ బార్న్'. ఇక చనిపోయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ పాస్ట్ సింపులే. 'హి సర్వ్‌డ్ యాజ్ ప్రెసిడెంట్.' 'హ్యాజ్ సర్వ్‌డ్' అంటే మనిషి ఉన్నట్టు.

ఈ చర్చ మొదలుపెట్టిన సిస్టర్ గారి ఊరి ఉదాహరణ కూడా చెప్పండి వాడికి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని దాని కోసం పనిచేశారు, 1940లో పోయారు. ఆయన గురించి 'హి టాట్ ఇన్ పర్లాకిమిడి' అంటాం. కానీ 'హిజ్ వర్క్ హ్యాజ్ హెల్ప్‌డ్ మెనీ పీపుల్' అనొచ్చు. అక్కడ కర్త ఆయన కాదు, ఆయన పని. అది ఇంకా ఉంది, ఇంకా సాయపడుతోంది.

సిరొంచ_గోదారి | మంగళవారం రాత్రి 8:00

ఈ చివరి మాట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. పోయిన సంవత్సరం మా నాన్న పోయారు. ఇంగ్లీషు ఫారాల్లో ఆయన గురించి ఇప్పటికీ 'హ్యాజ్ వర్క్‌డ్' అని రాస్తున్నాను. రేపటి నుంచి సరిగ్గా రాస్తాను.

పర్లాకిమిడి_సిస్టర్ | బుధవారం మధ్యాహ్నం 3:40

సిరొంచ అన్నయ్యా, మీ నాన్నగారికి నమస్కారం.

ఓఈటీలో నర్సులకు ఉత్తరం రాసే భాగం ఉంటుంది. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే. 180 నుంచి 200 పదాలు. నిన్న కూర్చుని ఒకటి రాశాను. టెన్స్ మాత్రమే చూడండి మాస్టారూ.

'పేషెంట్ వజ్ అడ్మిటెడ్ ఆన్ థర్డ్ మార్చ్ విత్ చెస్ట్ పెయిన్. హి హ్యాజ్ హ్యాడ్ హైపర్‌టెన్షన్ ఫర్ టెన్ ఇయర్స్. హి క్విట్ స్మోకింగ్ సిన్స్ 2020. డ్యూరింగ్ అడ్మిషన్ హి హ్యాడ్ టూ ఎపిసోడ్స్ ఆఫ్ ఫీవర్. హి హ్యాజ్ నాట్ హ్యాడ్ ఫీవర్ ఫర్ ద లాస్ట్ టూ డేస్.'

బరంపురం_మాస్టారు | బుధవారం సాయంత్రం 5:15

'హ్యాజ్ హ్యాడ్' చూసి చాలామంది భయపడి ఒక హ్యాడ్ తీసేస్తారు. మీరు ధైర్యంగా రాశారు, అది సరైనది. బీపీ ఇంకా ఉంది కదా. రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది, అక్కడ ఒట్టి హ్యాడ్ కూడా సరైనదే.

ఒక్క తప్పు ఉంది. 'క్విట్ స్మోకింగ్ సిన్స్ 2020' కుదరదు. మానడం ఒక్కసారి జరిగింది, కాబట్టి 'క్విట్ స్మోకింగ్ ఇన్ 2020'. సిన్స్ ఉంచాలనుకుంటే తాగకుండా ఉన్న కాలం చెప్పండి, 'హ్యాజ్ నాట్ స్మోక్‌డ్ సిన్స్ 2020'. ఇక్కడ మన 'నుంచి' మోసం చేసింది, '2020 నుంచి మానేశాడు' అని తెలుగులో అంటాం కాబట్టి.

పర్లాకిమిడి_సిస్టర్ | బుధవారం సాయంత్రం 5:40

మార్చేశాను. 'హ్యాజ్ నాట్ స్మోక్‌డ్ సిన్స్ 2020' అని పెట్టాను, డాక్టరుకి కావాల్సింది అదే. ఏజెన్సీవాళ్లు శుక్రవారం మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. ఈ రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికితే ఇంకో కేస్ రాసి పెడతాను, ఈసారి షుగర్ పేషెంట్‌ది.